తక్‌పట్టీ లేని ఇరవై ఒక్కేళ్లు

సంక్రాంతికి పర్చూరు పక్కన మా ఊరు వెళ్లాను. మొదటి కోత మిరపకాయ కల్లంలో పోసి ఉంది. నలుగురు ఆడవాళ్లు వంగి కూర్చుని తాలు ఏరుతున్నారు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డు అమ్మకం చీటీ, తక్‌పట్టీ నా చేతికిచ్చాడు. నిరుడు ధర పడిపోయినప్పుడు కోల్డ్‌స్టోరేజీలో పెట్టిన టిక్కీలు (మిర్చి బస్తాలు) పండక్కి ముందు తీయించి అమ్మాడు. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, క్వింటా ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. వచ్చిన ధర ఆయనకు నచ్చలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ పక్కనున్న కొడుకు, మా తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇరవై ఒక్కేళ్లు చేశావు గదరా! పంపించేటప్పుడు నీకేం కాగితం ఇచ్చారు?"

వాడు మాట్లాడలేదు. సాయంత్రం చెరువు కట్ట మీద నాకు చెప్పాడు. వాళ్లు ఇచ్చిన కాగితం లేదన్నా, నేనే ఇచ్చి వచ్చాను అన్నాడు.

దసరా ముందు ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్ ఆఫీసులో చిన్న గదికి పిలిచారట. హెచ్ఆర్ వాళ్లు ఇద్దరు. నాలుగింటిలోగా మెయిల్ పంపమన్నారు. ఏం రాయాలో కూడా వాళ్లే చెప్పారు: వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. పంపకపోతే మేమే తీసేస్తాం, రేపు ఎవరైనా మీ గురించి విచారిస్తే అదే చెప్పాల్సి వస్తుంది అన్నారు. రెండు గంటలు. ఇంటికి ఫోన్ చేయనా వద్దా అని తేల్చుకునేలోపే ఒక గంట పోయిందట. మూడూ యాభైకి మెయిల్ పంపాడు. అయిదింటికి ల్యాప్‌టాప్ తీసుకున్నారు. రెండు నెలల జీతం ఇచ్చారు. గ్రాట్యుటీ వచ్చింది, అది ఎటూ హక్కే.

కంపెనీ పేరు నేను రాయను. నరసరావుపేట నుంచి ఒకరు, అద్దంకి నుంచి ఒకరు దాదాపు ఇదే కథ చెప్పారు. కంపెనీలు వేరు. ఆ గదీ ఆ వాక్యమూ మాత్రం ఒకటే.

2025 జూలై చివర దేశంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని తగ్గించుకుంటామని ప్రకటించింది. అప్పటికి ఆ సంస్థలో 6,13,069 మంది ఉన్నారు. అంటే పన్నెండు వేల పైచిలుకు. వేటు ప్రధానంగా మధ్య, పై స్థాయిల వాళ్ల మీద అని కూడా చెప్పింది. నోటీసు కాలం జీతం, పరిహారం ఇస్తామంది. కారణం నైపుణ్యాలు సరిపోకపోవడం అంది. సెప్టెంబరు నెలాఖరుకు ఆ సంస్థ లెక్కలో 5,93,314 మంది మిగిలారు. జూలై ప్రకటనకు మూడు నెలల ముందు, ఏప్రిల్‌లో, మన రాష్ట్ర మంత్రివర్గం విశాఖ రుషికొండ ఐటీ పార్కులో 21.16 ఎకరాలు అదే సంస్థకు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రతిగా ఎన్ని ఉద్యోగాలు? పన్నెండు వేలు.

విశాఖకు ఉద్యోగాలు రావద్దని నేననను. రావాలి. మా జిల్లాల పిల్లలు హైదరాబాద్, బెంగళూరు గదుల్లో ఇరుక్కోకుండా సొంత రాష్ట్రంలో పనిచేసుకునే రోజు కోసం ఎదురుచూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ భూమి ఇచ్చేది ప్రజలు. వచ్చేవాళ్ల లెక్క అడిగిన చేత్తోనే వెళ్లేవాళ్ల లెక్కా అడగాలి. కొత్తగా చేరే కుర్రాడి జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ తిరుగుతోంది. ఒక సీనియర్‌ని పంపితే అలాంటి పిల్లల్ని చాలామందిని పెట్టుకోవచ్చు. ఉద్యోగాలు ఇచ్చామన్న మాట నిజమవుతుంది. నలభై దాటినవాళ్లు ఎంతమంది ఇంటికి పోయారన్న సంగతి ఏ రికార్డులోనూ ఉండదు.

నైపుణ్యం మాటకొస్తే, మా తమ్ముడు తొమ్మిదేళ్లు ఒక అమెరికా బీమా కంపెనీ పాత మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ రాశాడు. తను కోరుకున్న పని కాదది. ఆ ప్రాజెక్టులో వేసింది కంపెనీ. మార్చమని రెండుసార్లు అడిగితే క్లయింటు ఒప్పుకోడు, నువ్వు లేకపోతే నడవదు అన్నారు. అవసరం ఉన్నన్నాళ్లూ అక్కడే కట్టేసి, అవసరం తీరాక నీకు కొత్త పని రాదు అంటే తప్పు ఎవరిది? వాడు తర్వాత జావా నేర్చుకున్నాడు, క్లౌడ్ నేర్చుకున్నాడు, రాత్రిళ్లు మేలుకుని పరీక్షలు పాసయ్యాడు. ఇప్పుడు ఇంటర్వ్యూకి పిలిచేవాళ్లు మొదట అడిగేది ఏ ఏడాది డిగ్రీ అని. 2003 అనగానే, మేం ఎనిమిదేళ్ల అనుభవం లోపు వాళ్లను చూస్తున్నాం సార్ అంటున్నారు.

చట్టం ఏమంటోంది? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కోడ్‌లోనూ కార్మికుణ్ణి తొలగిస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం ఇవ్వాలని ఉంది. మా వాడి ఇరవై ఒక్కేళ్లకు పది నెలల జీతం పైనే అవుతుంది. అయితే మేనేజరు హోదాలో పనిచేసేవాడు ఆ చట్టం లెక్కలో కార్మికుడు కాడు. ప్రమోషన్ వచ్చిన రోజు ఊళ్లో స్వీట్లు పంచారు. ఆ రోజే రక్షణ పోయిందని ఎవరికీ తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. తనంతట తాను రాజీనామా ఇచ్చినవాడు అసలు తొలగింపు కిందికే రాడు. ఆ వాక్యం తమ చేత ఎందుకు రాయించారో చాలామందికి తర్వాతెప్పుడో అర్థమవుతోంది.

వాడికి ఆరేళ్లప్పుడు, 1987లో, తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. ప్రకాశం, గుంటూరు నల్లరేగడిలో అప్పులు తీర్చలేక రైతులు పురుగుమందు తాగిన కాలం అది. మా పెదనాన్న బతికి బయటపడ్డాడు. ఆ ఏడు ఈ మెట్ట ఊళ్లలో ఇంటింటా ఒకటే మాట: మన పిల్లలు ఈ మట్టి పిసక్కూడదు. అప్పటికే బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీ 1981లో వచ్చింది. గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్వీఆర్ అండ్ జేసీ 1985లో మొదలైంది. ఎకరం అమ్మి వాణ్ణి ఇంజనీరింగులో చేర్చారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అమీర్‌పేట కోచింగుకి పంపారు. అందుకే వాడి ఉద్యోగం పోవడం ఒక్కడి సంగతి కాదు. పత్తి మింగేసిన కుటుంబం మళ్లీ లేచి నిలబడటానికి పెట్టిన పెట్టుబడి అది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 2015లో అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థ సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగుల్ని తీసేసింది. వెళ్లేముందు తమ పని మన దేశపు కంపెనీల ద్వారా వచ్చిన వాళ్లకు నేర్పి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు మనకు పని వచ్చింది. మనం సంతోషించాం. ఆ నేర్పినవాళ్లూ ఏళ్ల తరబడి చేసినవాళ్లేనని పెద్దగా తలచుకోలేదు. ఇవాళ మా తమ్ముడు వెళ్లేముందు తన పనంతా పాతికేళ్ల కుర్రాళ్లకు అప్పగించాడు. పోనీ అమెరికా వెళ్దామంటే, 2025 సెప్టెంబరు నుంచి బయటి నుంచి కొత్తగా తీసుకునే హెచ్-1బీ మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. నలభై నాలుగేళ్ల వాడి కోసం ఎవరు కడతారు?

అదే అమెరికాలో నలభై దాటినవాళ్ల మీద వయసు వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం చేశారు. 1990లో దానికి ఒక సవరణ తెచ్చారు. కొంతమందిని గుంపుగా పంపించేటప్పుడు, పరిహారం తీసుకుని వయసు వివక్ష కేసు వేయనని సంతకం చేయించుకోవాలంటే ఆలోచించుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి ఏడు రోజులు. ఆ విభాగంలో ఎవర్ని తీస్తున్నారో, ఎవర్ని ఉంచుతున్నారో వాళ్ల హోదాలు, వయసులు కాగితం మీద రాసి ఇవ్వాలి. మా వాడికి ఇచ్చింది రెండు గంటలు. మన దగ్గర ప్రైవేటు కంపెనీని వయసు చూడొద్దనే అలాంటి చట్టమే లేదు.

మందుల సంగతి చెప్పకుండా ఉండలేను. పెద్దమ్మకు రెండు స్టెంట్లు వేశారు. కంపెనీ బీమాలో వేశారు. ఉద్యోగం చివరి రోజుతో ఆ బీమా ఆగిపోయింది. కొడుకు ఆదాయపు పన్ను కడుతున్నాడని ఆ ఇంటికి తెల్ల రేషన్ కార్డు, దాంతో పాటు ఉచిత వైద్యం ఎప్పుడో తీసేశారు. ఇప్పుడామె మాత్రల చీటీ పట్టుకుని చిలకలూరిపేట వెళ్లి సొంత డబ్బుతో కొనుక్కుంటోంది.

ఎవర్నీ ఎప్పుడూ తీయకూడదని నా వాదన కాదు. పని తగ్గితే మనుషుల్ని తగ్గిస్తారు. తీశామని చెప్పి, చట్టం చెప్పిన డబ్బు ఇచ్చి, కారణం రాసి పంపండి. సిబ్బందిని తగ్గిస్తామని కంపెనీ ప్రకటించాక ఆ నెలల్లో వచ్చే రాజీనామాలను, హోదా ఏదైనా, తొలగింపులుగానే చూడాలని ప్రభుత్వం నిబంధన తేవాలి. కుటుంబం బీమా ఆరు నెలలైనా నడవాలి. 99 పైసలకు ఇచ్చే ప్రతి భూమి ఒప్పందంలో ఏటా ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారు, వెళ్లినవాళ్ల వయసెంత అన్న లెక్క బయటపెట్టాలన్న షరతు ఉండాలి. శాసనసభలో ఈ ప్రశ్న వేయమని మా ఎమ్మెల్యేకి ఉత్తరం రాశాను. అందులో తన పేరు వద్దన్నాడు మా తమ్ముడు. వయసు మాత్రం రాయమన్నాడు.