డిస్కౌంట్ కోసం వచ్చిన కస్టమర్ డిస్కౌంట్ కోసమే వెళ్లిపోతాడు: ఆన్‌లైన్ బ్రాండ్లు చిన్న కొట్టు దగ్గర నేర్చుకోవాల్సింది

ఫోన్ రివ్యూల్లో కెమెరాకి మార్కులేస్తాం, బ్యాటరీకి వేస్తాం, డిస్‌ప్లేకి వేస్తాం. బాక్సులో చార్జర్ ఇచ్చారా లేదా అని కూడా చూస్తాం. కానీ కొన్న ఎనిమిదో నెలలో చార్జింగ్ పోర్ట్ లూజ్ అయితే అటువైపు మనతో ఎవరు మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు అన్నదానికి మాత్రం మార్కులుండవు. ఒక ఫోన్‌ని మనం రెండు మూడేళ్లు వాడతాం. దాన్ని కొనడానికి పట్టేది పది నిమిషాలు. మన రివ్యూలన్నీ ఆ పది నిమిషాల చుట్టూనే తిరుగుతున్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆన్‌లైన్‌లో ఫోన్లు, ఇయర్‌బడ్స్, కీబోర్డులు, కవర్లు అమ్మేవాళ్లు కస్టమర్‌ని నిలబెట్టుకోవాలంటే ఇంకో కూపన్ ఇవ్వడం కాదు, చిన్న కొట్టువాడిలా ప్రవర్తించడం నేర్చుకోవాలి. దీనికి కావాల్సిన టెక్నాలజీ అంతా ఇప్పటికే ఉంది. లేనిది దాన్ని మనిషి కోసం వాడాలన్న ఉద్దేశమే.

చిన్న కొట్టులో అసలు జరిగేది ఏంటి?

"పర్సనల్ సర్వీస్" అనగానే చాలా కంపెనీలకి గుర్తొచ్చేది మెయిల్‌లో "హాయ్" పక్కన మన పేరు పెట్టడం, పుట్టినరోజుకి కూపన్ పంపడం. మా ఊరి బస్టాండ్ పక్కన సెల్ షాపు నడిపే అన్న ఇవేవీ చేయడు. ఆయన చేసేవి మూడే పనులు.

మొదటిది, గుర్తుపెట్టుకోవడం. మీ ఇంట్లో ఎవరు ఏ ఫోన్ వాడుతున్నారో, కిందటిసారి ఏ ప్రాబ్లెమ్‌తో వచ్చారో ఆయనకి తెలుసు. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం చేసే పని కూడా ఇదే. అందులో బాకీ ఒక్కటే ఉండదు, ఆ ఇంటి అలవాట్లన్నీ ఉంటాయి.

రెండోది, అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగలగడం. టెంపర్డ్ గ్లాస్ వేసేటప్పుడు బుడగ వస్తే ఆయన ఇంకోటి తీసి వేస్తాడు. "మా టీమ్‌కి ఎస్కలేట్ చేస్తాం, 48 గంటలు ఆగండి" అనడు. ఎందుకంటే టీమ్ కూడా ఆయనే.

మూడోది, అమ్మకం వదులుకోగలగడం. మా నాన్నది కొబ్బరి వ్యాపారం. రోజంతా ఎండలో, లారీల పక్కన నిలబడి ఫోన్ మాట్లాడతారు. ఆయన కోసం నేను కొంచెం ఖరీదైన మోడల్ అడిగితే ఆ షాపు అన్న అన్న మాట, "నాన్నగారికైతే ఇది వద్దండి. వెనకాల గ్లాసు, చేతిలో జారిపోద్ది. పక్కదాంట్లో స్పీకర్ గట్టిగా వినపడుద్ది, అది చాలు." ఆ రోజు ఆయన తక్కువ ధర ఫోన్ అమ్మాడు. ఆ తర్వాత మా ఇంట్లోవాళ్లు కొన్న చార్జర్లు, కవర్లు, బాబాయి వాళ్ల ఫోన్లు అన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

అసలు కంటే కొసరు ముద్దు అంటారు. కానీ ఆ కొసరు ఫ్రీగా ఇచ్చిన బ్యాక్ కవర్ అనుకుంటే పొరపాటు. మన గురించి ఆలోచించి చెప్పిన ఆ ఒక్క మాటే అసలైన కొసరు.

డేటా ఉంది, గుర్తు లేదు

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి చూడండి. పోయినేడాది ఒక బ్రాండ్ (పేరు అనవసరం) సొంత వెబ్‌సైట్‌లో ఇయర్‌బడ్స్ కొన్నాను. వారంటీలోనే కుడివైపు బడ్ చార్జ్ అవ్వడం ఆగిపోయింది. నాలుగుసార్లు చాట్ చేశాను. నాలుగుసార్లూ కొత్త మనిషే. ప్రతిసారీ ఇన్వాయిస్ అప్‌లోడ్ చేయమన్నారు, సీరియల్ నంబర్ అడిగారు, "కేస్‌ని రీసెట్ చేసి చూశారా" అన్నారు. నేను కొన్నది వాళ్ల సైట్‌లోనే, నా అకౌంట్‌తో లాగిన్ అయ్యే అడుగుతున్నాను. అయినా నేనెవరో వాళ్లకి తెలీదు. మూడోసారి టికెట్ "రిజాల్వ్డ్" అని మెయిల్ వచ్చింది. బడ్ మాత్రం అలాగే ఉంది.

ఇదంతా ఆ చాట్‌లో కూర్చున్న కుర్రాడి తప్పు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇలాంటి టికెటింగ్ సిస్టమ్ ఒకదానికి కోడ్ రాశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసు. ఆర్డర్ హిస్టరీ ఒక డేటాబేస్‌లో, పాత చాట్‌లు ఇంకో టూల్‌లో, సర్వీస్ సెంటర్ రిపోర్టులు మూడోచోట ఉంటాయి. వీటిని కలిపి ఏజెంట్ ముందు ఒకే స్క్రీన్ మీద పెట్టడం పెద్ద రాకెట్ సైన్స్ ఏమీ కాదు. కస్టమర్ ఐడీ ఉంటే కొన్ని ఏపీఐ కాల్స్‌తో అయిపోయే పని. కానీ ఆ పని ప్రతి స్ప్రింట్‌లోనూ వెనక్కి పోతుంది, కూపన్ బ్యానర్ పని ముందుకొస్తుంది. ఎందుకంటే బ్యానర్‌తో ఎంత అమ్ముడైందో డాష్‌బోర్డ్‌లో మర్నాడే కనిపిస్తుంది. మనసు విరిగి వెళ్లిపోయిన కస్టమర్ ఏ డాష్‌బోర్డ్‌లోనూ కనిపించడు.

దీనికి తోడు కొలతలు. ఒక్కో చాట్ ఎన్ని నిమిషాల్లో ముగిసింది, రోజుకి ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారు అని లెక్కేస్తే ఏజెంట్ అదే చేస్తాడు, క్లోజ్ చేస్తాడు. బాగు చేశాడా అని ఎవరూ అడగడం లేదు కదా.

ఆన్‌లైన్‌లో ఇది అయ్యే పనేనా?

అవుతుంది, చేసి చూపించినవాళ్లున్నారు. డెరెక్ సివర్స్ అనే అమెరికన్ సంగీతకారుడు 1998లో తన సీడీ అమ్ముకోడానికి తనే కోడ్ రాసుకుని సీడీ బేబీ అనే సైట్ మొదలుపెట్టాడు. తర్వాత వేరే సంగీతకారులవీ అమ్మాడు. "మీ ఆర్డర్ షిప్ అయింది" అనే మామూలు మెయిల్ బదులు, మీ సీడీని ఎంత అపురూపంగా ప్యాక్ చేసి ఊరంతా కలిసి సాగనంపామో చెప్పే సరదా మెయిల్ ఒకటి రాసి పెట్టాడు. జనం దాన్ని ఒకరికొకరు పంపుకుని సైట్‌కి పేరు తెచ్చారు. అంతకంటే ముఖ్యమైంది, అక్కడ ఫోన్ చేస్తే మెషీన్ కాదు, మనిషి ఎత్తేవాడు. 2008లో ఆ కంపెనీని 2.2 కోట్ల డాలర్లకి అమ్మాడు.

చెప్పులు, బూట్లు ఆన్‌లైన్‌లో అమ్మిన జాపోస్ కథ కూడా ఇలాంటిదే. 1999లో మొదలైంది, 2009లో అమెజాన్ కొనేసింది. కాల్ ఎంత త్వరగా ముగించారన్నది అక్కడ లెక్క కాదు. కొన్ని కాల్స్ పది గంటలు దాటి కూడా సాగాయి. ఇక రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి సమస్య తీర్చడానికి ఉద్యోగి పై అధికారిని అడక్కుండానే 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చన్న రూల్ బాగా పేరున్నదే. అంత పెద్ద సంస్థలో కూడా నిర్ణయాన్ని కౌంటర్ దగ్గరున్న మనిషి చేతిలో పెట్టడం సాధ్యమే అన్నమాట.

మన ఫోన్ల మార్కెట్‌నే తీసుకోండి. 2014లో షావోమి ఫ్లిప్‌కార్ట్ ఫ్లాష్ సేల్స్‌తో వచ్చింది. అదే ఏడాది చివర్లో వన్‌ప్లస్ అమెజాన్‌లో ఇన్విటేషన్ పద్ధతితో వచ్చింది. షాపు ఖర్చులేవీ లేకుండా ఆన్‌లైన్‌లోనే అమ్మి ధర తగ్గించడం అప్పటి సూత్రం. అది పనిచేసింది కూడా. మనలో చాలామంది మధ్యాహ్నం రెండింటికి బ్రౌజర్ రిఫ్రెష్ కొట్టినవాళ్లమే. కానీ 2017 కల్లా అదే షావోమి బెంగళూరులో మొదటి ఎంఐ హోమ్ తెరిచింది. కొనేముందు ఫోన్‌ని చేత్తో పట్టుకుని, ఒక మనిషిని నాలుగు ప్రశ్నలడిగి కొనాలనుకునేవాళ్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్లని చేరాలంటే ధర ఒక్కటే చాలదు.

గుర్తుపెట్టుకోవడం వేరు, వెంటపడటం వేరు

ఇక్కడ ఒక డౌట్ రావచ్చు. "మన గురించి కంపెనీలకి ఇప్పటికే ఎక్కువ తెలుసు, ఇంకా గుర్తుపెట్టుకోవాలా?" అని. తేడా ఉంది. షాపు అన్న నేను నోటితో చెప్పింది గుర్తుపెట్టుకుంటాడు, నా పని కోసం వాడతాడు. యాప్ నేను చెప్పనిది కూడా పోగేస్తుంది, దాని పని కోసం వాడుకుంటుంది. ఒకసారి బ్యాక్ కవర్ వెతికిన పాపానికి నెలరోజులు కవర్ల యాడ్స్ చూపించేది పర్సనల్ సర్వీస్ కాదు. మన వివరాలు దేనికోసం అడిగారో దానికే వాడాలన్నది 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా చట్టం సారాంశం కూడా. మంచి కొట్టువాడు ఇది చట్టం లేకుండానే పాటిస్తున్నాడు.

అలాగని ఆఫ్‌లైన్ షాపులన్నీ గొప్పవని నేను అనను. కమిషన్ ఎక్కువొచ్చే బ్రాండ్‌ని అంటగట్టేవాళ్లు, బిల్లు అడిగితే మొహం చిట్లించేవాళ్లు, డూప్లికేట్ చార్జర్‌ని ఒరిజినల్ అని అమ్మేవాళ్లు అక్కడా ఉన్నారు. ధర పోల్చుకునే అవకాశం మనకి ఇచ్చింది ఆన్‌లైనే. అందుకే పాతకాలానికి తిరిగెళ్దామని చెప్పట్లేదు. మంచి కొట్టులోని ఆ మూడు పనులు ఆన్‌లైన్‌లోకి రావాలంటున్నాను.

"లక్షలమంది కస్టమర్లు, ఎవర్ని గుర్తుపెట్టుకుంటాం?" అనేది కంపెనీల జవాబు. మనిషి మెదడుకి కష్టమేమో గానీ డేటాబేస్‌కి లక్ష ఒక లెక్కా? ఏజెంట్‌కి కస్టమర్ పాత చరిత్ర కనిపించేలా చేయండి. అడక్కుండా రూ. 500 వరకు నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వండి. మొదలుపెట్టిన మనిషే చివరిదాకా ఆ కేసు చూసేలా చేయండి. మామూలు ప్రశ్నలు బాట్‌కే ఇవ్వండి, తప్పు లేదు. కానీ "మనిషితో మాట్లాడాలి" అనే బటన్‌ని ఐదు మెనూల కింద దాచొద్దు.

ఇది నాలాంటివాళ్ల చిరాకు గురించి కాదు. నేను ఇంగ్లీష్‌లో చాట్ చేయగలను, ట్విట్టర్‌లో ట్యాగ్ చేయగలను. మా నాన్న చేయలేరు. కోనసీమలో మా ఊరి నుంచి రాజమండ్రి సర్వీస్ సెంటర్‌కి వెళ్లి రావాలంటే ఆయనకి ఒక రోజు పని పోతుంది. అంత దూరం వెళ్లాక "పార్ట్ స్టాక్ లేదు" అంటే ఇంకో రోజు పోతుంది. "బయల్దేరకండి, పార్ట్ వచ్చాక మేమే చెప్తాం" అని తెలుగులో ఒక్క ఫోన్ కాల్ చేస్తే ఆ రోజు మిగిలేది.

చిన్న సెల్లర్లకి ఒక మాట

నాకు ఎక్కువ బాధ కలిగించేది పెద్ద కంపెనీలు కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఫోన్లు, యాక్సెసరీస్ అమ్మే చిన్నవాళ్లు కూడా పెద్దవాళ్లని చూసి ఆటో రిప్లైలు, బాట్‌లు పెట్టుకుంటున్నారు. ధరలో మీరు పెద్ద సైట్లతో గెలవలేరు, డెలివరీలో గెలవలేరు. మీ దగ్గరున్న ఒకే ఒక్క బలం మీరు మనిషి కావడం. దాన్నే తీసి పక్కన పెడితే ఇంకేం మిగులుతుంది?

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక గూగుల్ షీట్ చాలు. పేరు, ఏం కొన్నారు, ఎవరి కోసం కొన్నారు, ఏ ఇబ్బంది వచ్చింది, ఈ నాలుగు కాలమ్స్ పెట్టండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుల్స్ ఉన్నాయి, వాడండి. పార్సిల్ అందిన పది రోజులకి "ఎలా పనిచేస్తోందండి?" అని ఒక మెసేజ్ పెట్టండి. అందులో కొత్త ఆఫర్ లింక్ మాత్రం పెట్టొద్దు. కస్టమర్ అడిగినదానికి మీ దగ్గరున్నది సరిపోకపోతే సరిపోదని చెప్పండి. తప్పు మీవైపు ఉంటే పాలసీ పేజీ చూపించకుండా మార్చి పంపండి.

కొనేవాళ్లం మనం కూడా ఒక పని చేయొచ్చు. కొత్త సెల్లర్ దగ్గర డబ్బు కట్టే ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి. "మా అమ్మకి చూపు కొంచెం తక్కువ, ఈ రెండిట్లో ఏది బెటర్?" లాంటిది. కాపీ పేస్ట్ జవాబు వచ్చిందంటే, రేపు ప్రాబ్లెమ్ వచ్చినప్పుడు కూడా అదే వస్తుంది. ఇక కొన్నాక అన్యాయం జరిగితే ఊరుకోవద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అయితే చట్టం రిఫండ్ ఇప్పించగలదు గానీ నమ్మకం ఇప్పించలేదు. రూ. 300 తక్కువని వచ్చినవాడు రేపు పక్క సైట్‌లో రూ. 400 తక్కువుంటే అటే పోతాడు. వాడిని ఆపేది ఇంకో రూ. 100 కాదు. "నాన్నగారి ఫోన్ ఎలా ఉందండి?" అని అడిగేవాడు ఒకడుంటే ఆగుతాడు. అందుకే రివ్యూలు రాసేవాళ్లకి నా రిక్వెస్ట్ ఒకటే. కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే పక్కన ఇంకో గడి గీయండి. అమ్మాక ఎలా చూసుకున్నారు అనేది అందులో రాయండి, కొన్న రోజు కాదు, ఆరు నెలల తర్వాత. అప్పుడు బ్రాండ్లు కూడా ఆ మార్కుల కోసం పరీక్ష రాయడం మొదలుపెడతాయి.