ఫోటోలో జింక వుంది, రైతు లేడు

నందికొట్కూరు: చలి ముదిరిందంటే మా ప్రాంతానికి కెమెరాల వాళ్ళు రావడం మొదలవుతుంది. రోళ్ళపాడు బీళ్ళలో కృష్ణజింకలు, వలస వచ్చిన గద్దలు వుంటాయని విని కర్నూలు నుంచి, హైదరాబాదు నుంచి, ఇంకా దూరాల నుంచి కూడా వస్తారు. రావడంలో తప్పేమీ లేదు. వచ్చినవారు ఎలా నడుచుకుంటున్నారన్నదే ఇక్కడ చెప్పదలచిన విషయం.

రోళ్ళపాడు సంగతి ఈ జిల్లా వారికి కొత్త కాదు. బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్ల బీడును అభయారణ్యంగా ప్రకటించారు. 1980ల్లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు ఇక్కడే మకాం వేసి ఆ పక్షిని పరిశీలించారు. ఇప్పుడు బట్టమేక కనబడిందన్న మాట వినడమే అరుదు. జింకలు మాత్రం మందలు మందలుగా వున్నాయి. అవి 614 హెక్టార్ల హద్దు చూసుకుని మేయవు గదా. చుట్టూ వున్న శనగ, జొన్న చేలన్నీ వాటివే.

గత డిసెంబరులో ఒకనాడు తెల్లవారుజామున కర్నూలు నుంచి వచ్చిన ఇద్దరు యువకులతో నేనూ వెళ్ళాను. దారి తెలిసినవాడు కావాలన్నారు, వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. ఒక శనగచేను గట్టున రైతు కంబళి కప్పుకుని కూర్చుని వున్నాడు. రాత్రంతా కావలి. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. అవి మొదటి వారం రోజులే పనిచేస్తాయనీ, ఆ తర్వాత జింకలకు చీరలంటే లెక్కలేదనీ చెప్పాడు.

మేము కూడా ఆయన పక్కనే మెదలకుండా కూర్చున్నాం. పొద్దు పొడిచే వేళకు మంద వచ్చింది. ముందు లేళ్ళు, వెనక పిల్లలు, అందరికంటే వెనక మెలికల కొమ్ముల ఇర్రి. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మంచులో నిలబడితే చూడ ముచ్చటగానే వుంది, అబద్ధమెందుకు? మాకు యాభై గజాల దూరంలో మేత మొదలుపెట్టాయి. ఎద్దులబండికీ, గొర్రెల కాపరికీ అలవాటుపడిన జీవాలవి. కూర్చున్న మనిషిని చూసి బెదరవు. యువకులకు కావలసినన్ని ఫోటోలు దొరికాయి.

అంతలో ఇంకొక జట్టు జీపులో వచ్చింది. జీపు నేరుగా చేలోకి దిగింది. నిలబడి మేస్తున్న జింక వారికి పనికిరాదట, పరుగెత్తే జింక కావాలట. మంద లేచింది. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు అది. ఒక్క దూకుకు మనిషెత్తు లేస్తుంది. అది తొక్కింది కొంత, జీపు చక్రాలు తొక్కింది కొంత, శనగ మొక్కలు నేలకు కరుచుకున్నాయి. రైతు లేచి అడ్డం పోతే జీపులోని వ్యక్తి అన్నమాట ఇది: ‘పెద్దాయనా, కొంచెం పక్కకు జరుగు, ఫోటోలో పడుతున్నావు.’

ఆయన జరిగాడు. జరిగి నాతో అన్నాడు: ‘దానికి మేత పెట్టేది నేను. ఫోటోలో వుండేది అదొక్కటేనా సామీ?’

ఆయన మాటలో ఎకసెక్కెం లేదు. నిజంగానే అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

గద్దల విషయం ఇంకా తక్కువ మందికి తెలుసు. చలికాలంలో చేలమీద తగ్గుగా, రెక్కలు పెద్దగా ఆడించకుండా తేలుతూ తిరిగే గద్దను మనం రోజూ చూస్తాం. పక్షులు చూసేవారు దీన్ని హారియర్ అంటారు. మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు. ఇవి మధ్య ఆసియా దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి చలికాలం ఇక్కడ గడిపి వెళతాయి. చేలల్లో మిడతలనూ, ఎలుకలనూ తింటాయి. అంటే కూలి అడగకుండా మన చేలో పనిచేసి పోయే పక్షి. (పురుగుమందు కొట్టిన మిడతను తింటే దాని గతి ఏమిటన్నది మనం ఆలోచించుకోవలసిన సంగతి.) రాత్రిళ్ళు చెట్టుమీద కాదు, గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. పొద్దుగూకే వేళ ఆ గడ్డిలోకి మనుషులో, వాహనాలో పోతే గుంపంతా లేచి చీకట్లో దిక్కుతోచక తిరుగుతుంది. ఫోటో కోసం సాయంత్రం గడ్డిలో నడిచేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పోవాలంటే అనుమతి వుండాలి. అదే చట్టంలో వేట అన్న మాటకు చంపడమొక్కటే అర్థం కాదు, తరమడం కూడా అందులోకే వస్తుంది. జీపుతో జింకను తరిమేవారు తుపాకి లేదు గదా అనుకుంటే పొరపాటు. ఐతే ఇదే మాట పట్టుకుని, తన చేలో పడ్డ మందను డబ్బా కొట్టి వెళ్ళగొట్టే రైతును ఎవరూ బెదిరించకూడదు. ఆ రెండూ ఒకటి కావు.

ఇక మంచి ఫోటోలు చాలా వరకు అభయారణ్యం లోపల కాదు, బయట పట్టా చేలల్లో తీసినవే. అక్కడ అనుమతి ఇవ్వవలసింది రైతు. ఎవరడుగుతున్నారు?

నా ఉద్దేశంలో కెమెరాల వాళ్ళను రావద్దనడం తెలివితక్కువ. వారితో మనకు పని వుంది. మా ఊరి రైతు ఒకరు రెండేళ్ళ కిందట నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకుంటే, జింకలు మేసినట్టు ఫోటో ఏదని అడిగారట. ఆయన దగ్గర వున్న చిన్న సెల్ ఫోనులో తీస్తే చేను కనబడింది, జింకలు చీమల్లా కనబడ్డాయి. కాగితం వెనక్కి వచ్చింది. అదే వారం పట్నం నుంచి వచ్చినవారు మోచేయంత కటకం పెట్టి, ఆ చేలోనే, ఇర్రి నోట్లో శనగ కొమ్మ కూడా తెలిసేటట్టు ఫోటో తీసుకుని పోయారు. దానిమీద తేదీ, గంట కూడా వుంటాయి. ఆ ఫోటో ఎక్కడో గోడకు వేలాడుతూ వుంటుంది. రైతు చేతిలో వుంటే దరఖాస్తుకు పనికివచ్చేది.

కనుక గ్రామ పంచాయతీలు ఒక పద్ధతి పెట్టాలి. ఫోటోలకు వచ్చే ప్రతి జట్టు వెంట ఊరి కుర్రవాడు ఒకడు వెళ్ళాలి, వానికి రోజు కూలి ఆ జట్టే ఇవ్వాలి. బండి రోడ్డు దిగకూడదు. చేలో అడుగుపెట్టేముందు రైతును అడగాలి. చేలో మేస్తున్న జింకల ఫోటో ఒకటి, రైతు కూడా అందులో పడేటట్టు తీసి, ఊరు దాటేలోగా ఆయన ఫోనుకో, ఆయన కొడుకు ఫోనుకో పంపాలి. దీనికి ఖర్చేమీ లేదు. అధికారులు కూడా అలాంటి ఫోటోను రుజువుగా తీసుకుంటామని ముందే చెబితే సగం పేచీ తీరుతుంది.

నాతో వచ్చిన యువకులిద్దరూ ఆ రోజే నాలుగు ఫోటోలు పంపారు. ఒకదానిలో గట్టున కంబళితో రైతు, ఆయన వెనక మంద స్పష్టంగా వున్నాయి. దరఖాస్తుకు దాన్ని జతచేశాం. శనగ కోతలు ఫిబ్రవరిలో మొదలవుతాయి. చేను చూడడానికి రావలసినవారు ఆ లోపలే రావాలి. కోత ఐన తర్వాత వస్తే వారికి కనబడేది మోళ్ళే.