వల కన్ను

ఎర్రనీటి వరదతో గోదావరి సముద్రం వైపు పరుగులు తీసే వేళ పులస ఆ ప్రవాహానికి ఎదురీదుతుంది. గుడ్లు పెట్టడానికి ఉప్పునీటిని విడిచి వచ్చే ఈ చేపకు, ఆర్థర్ కాటన్ పూనికతో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుగోడ అయింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడమే చేపకు దారి మూసింది! అందుచేత ఆ దిగువన ఎటువంటి వల వేయాలనేది జాలరి సొంత వ్యవహారం మాత్రమే కాదు.

కొత్త వలను తడిపి, ముడి జారుతుందేమో లాగి చూడాలి. పై బెండ్లు, కింది సీసపు గుళ్ళు సరితూగకపోతే వల నీటిలో నిటారుగా నిలువదు. ఇవన్నీ వల గట్టిదనానికి పరీక్షలు. అసలు పరీక్ష కన్నుది. దానిని సాగదీసి కొలిస్తే ఏ చేప చిక్కుతుందో, ఏది తప్పించుకొంటుందో తెలుస్తుంది. కన్ను చిన్నదైతే సముద్రానికి తిరిగి వెళ్ళవలసిన పిల్లచేపలూ చిక్కుతాయి. పైగా నదిలో తెగిపోయిన నూలువల కొన్నాళ్ళకు కుళ్ళిపోయేది. నైలాన్ వల ఎవరికీ దక్కని వేటను సాగిస్తూనే ఉంటుంది.

ఆకలిగొన్న జాలరికి నీతులు చెప్పడం సులభం. ఒక్క పులసకు వేల రూపాయలు వెచ్చించే భోజనప్రియులు పిల్లచేపను కొనడం మానితే, చిన్నకన్ను వల పడవ ఎక్కదు.