పెళ్లి బస్సుకూ బెల్టు కావాలి

ముహూర్తాలు వస్తే కోయంబత్తూరు, మదురై తెలుగు కుటుంబాలన్నీ బస్సులు మాట్లాడుకుంటాయి. ఏసీ ఉందా అని అడుగుతాం. సీటు బెల్టులున్నాయా అని అడగం.

2023 జూన్ 11న ఆస్ట్రేలియాలోని హంటర్ వ్యాలీలో పెళ్లి నుంచి తిరిగి వస్తున్న బస్సు బోల్తాపడి 10 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ బస్సుల్లో బెల్టుల గురించి గట్టి చర్చే జరిగింది. బ్రిటన్‌లో దూరప్రయాణ బస్సులో బెల్టు ఉంటే పెట్టుకోవడం చట్టం; నిలబడి వెళ్లే టౌన్ బస్సులకు మినహాయింపు. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ మనమూ పెట్టుకుంటాం.

మన 2019 సవరణ చట్టంలోనూ బెల్టు లేకుంటే 1,000 రూపాయల జరిమానా ఉంది. కానీ చాలా బస్సుల్లో బెల్టులే కనబడవు.

2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర బస్సు కాలిపోయాక, మంటలొస్తే బెల్టు అడ్డమవుతుందన్న భయం సహజమే. అయితే బెల్టు ఒక్క నొక్కుతో ఊడుతుంది. దెబ్బ తగిలి స్పృహ తప్పినవారు తలుపు దాకా వెళ్లలేరు.

అందుకే అడ్వాన్సు ఇచ్చేముందే బెల్టులు, అత్యవసర ద్వారం మనమే చూసుకుందాం.