క్రొత్త యింటి పడసాల, భోజనశాల

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని అలంకరించి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. గడపకు పసుపు, వాకిట ముగ్గు, ద్వారమునకు మామిడాకుల తోరణము ఆ దినములలో చాలియుండెను. నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో కట్టుచున్న యిండ్లను చూడుడు. పైకప్పు క్రింద మఱియొక కప్పు, గోడ నిండ అద్దాల బీరువా, దాని నిండ గాజుబొమ్మలు గృహప్రవేశమునాటికే సిద్ధమగుచున్నవి. బొమ్మలకు దుమ్ము పట్టును గాని వానికై చేసిన అప్పు తీఱదు. కావున పూర్వము పడసాల యనబడి యిపుడు హాలుగా మాఱిన గదిని, దాని ప్రక్కనున్న భోజనశాలను తక్కువ వ్యయముతో ఎట్లు దిద్దుకొనవచ్చునో యీ నెల ముచ్చటింతము.

సోదరీమణులారా! అలంకారములలో మొదటిది వెల లేనిది. అది గాలి, వెలుతురు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. దాని చెంతనే ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల కొఱకు చికిత్సాలయము తెఱవబడెను. ఆ రోగమునకు తగిన మందు లేని ఆ కాలమున స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము ఇవియే ముఖ్యమైన చికిత్సలు. రోగులు ఏ గాలిని వెదకికొని వచ్చిరో ఆ గాలిని మనము కిటికీకి అడ్డముగా బీరువా నిలిపి, దళసరి తెరలు కట్టి, వెలుపలికి త్రోయుట తగునా? కిటికీ క్రింద ఎత్తు తక్కువైన బల్లనో సోఫానో ఉంచుడు. పలుచని నూలు తెరలు కట్టుడు. కిటికీకి ఎదురుగానున్న గోడకు లేతరంగు వేయించినచో పగటివేళ దీపముతో పని యుండదు. మదనపల్లెను ఆనుకొనియున్న నీరుగట్టువారిపల్లె మగ్గములపై పట్టుచీరలు నేయుదురు. మీ పెట్టెలో చినిగిన పట్టుచీర యున్నచో దాని అంచును తీసి ఆ నూలు తెరకు కుట్టుడు. అంగడిలో దొరకని అందము వచ్చును.

ఇక నేల సంగతి. పాలరాతి తెలుపును చూచి పలువురు మోహింతురు. కాని పాలరాతికి పులుపు పడదు. చింతపండు రసము, నిమ్మరసము ఒలికిన చోట దాని మెఱుగు పోయి మచ్చ నిలుచును. గ్రానైటు రాతికి ఆ భయము లేదు. కుప్పము ప్రాంతమున దొరకు పచ్చని ఛాయగల రాయి కుప్పం గ్రీన్ అను పేర వర్తకమున ప్రసిద్ధమైనది. ఇంటి చెంతనున్న రాతిని విడిచి దూరమునుండి పాలరాతిని తెప్పించుట ఎందులకు? ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. అద్దమువలె మెఱుగు పెట్టిన రాయి తడిసినపుడు జాఱును. ముసలివారు తిరుగాడు చోటను, చేతులు కడుగుకొను చోటను గరుకుగానున్న రాతినే పఱపింపుడు.

గోడలకు పటములు తక్కువగా నుండుటయే మేలు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమొకటి హాలునకు చాలును. 1950వ దశకమున అచ్చట ప్రభుత్వ శిక్షణాలయము వెలసిన పిదప క్షీణించుచున్న ఆ విద్య మరల చిగిర్చెను. కలముతో గీసి, కరక్కాయ, పటిక, నీలిమందు మొదలగు వానితో అద్దకము చేసిన ఆ వస్త్రమును ఎండ తగులు గోడకు వ్రేలాడదీయకుడు. రంగు వెలిసిపోవును. పటము పెట్టదలచినచో, దానిని గూర్చి పిల్లలకు ఒక కథ చెప్పగలిగిన పటమునే పెట్టుడు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చి, అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో నుండగా జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసెను. ఆయన చిత్రము మీ గోడపై నున్నచో పిల్లవాడు అడుగకమానడు, మీరు చెప్పకమానరు.

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము పోవు త్రోవలో, పలమనేరు ప్రాంతమున ఎఱ్ఱమట్టి పాత్రలు, బొమ్మలు చేయువారు కలరు. వారి కుండ యొకటి మూలనుంచి పచ్చని మొక్క పెట్టినచో గాజుబొమ్మల బీరువా అక్కఱలేదు. ఇచ్చట నొక మాట. సుమారు మూడడుగుల ఎత్తు మాత్రమే యుండు పుంగనూరు ఆవును ముద్దుకొఱకు ఇంటిలో పెంచు వేడుక ఇటీవల ప్రబలినది. దానికి మేత, ఎండ, తిరుగుటకు నేల కావలెను. అవి లేని యింట మట్టితో ఆవుబొమ్మను చేయించి పెట్టుకొనుడు. ప్రాణమున్న దానిని అలంకారవస్తువు చేయకుడు.

భోజనశాల విషయమున మేము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. కొలతలు సులభములు. బల్ల ఎత్తు 30 అంగుళములు, కుర్చీ ఎత్తు 18 అంగుళములు, ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు, కుర్చీ వెనుక లాగుకొని లేచుటకు బల్ల అంచునుండి మూడడుగులు. పదియడుగుల గదిలో మూడడుగుల వెడల్పుగల బల్ల సుఖముగా పట్టును. అంతకు మించినచో గోడకు ఒరసికొని నడువవలసి వచ్చును.

కాని కొలతలకు అందనిది యొకటి కలదు. ఆఱు కుర్చీలు కొనిన యింట మగవారు, పిల్లలు, అతిథులు కూర్చుందురు. గృహిణి నిలిచి వడ్డించును. అందఱు లేచిన పిదప చల్లారిన అన్నమును వంటయింటి గట్టుపై పెట్టుకొని నిలుచుండియే నాలుగు ముద్దలు మ్రింగును. బల్లకు వెచ్చించిన ధనములో ఆమెకు దక్కినది దానిని తుడుచు పని మాత్రమే. అట్టి భోజనశాల యెంత మెఱసినను అలంకరింపబడినదని మేమనము.

కావున కుర్చీలు లెక్కించునపుడు మొదట మిమ్ము లెక్కించుకొనుడు. మూతలుగల గిన్నెలను, నీటిచెంబును అందఱికి అందునట్లు బల్ల నడుమ నుంచినచో ఎవరికి వారే వడ్డించుకొందురు. పీటలపై కూర్చుండు అలవాటున్న యింటను ఇదియే నియమము: మఱియొక పీట, మఱియొక విస్తరి. ఇంటివారు మొదట నొప్పుకొనకున్నచో ఆదివారము ఒక్కపూటతో ఆరంభింపుడు. తల్లి తమతో కూర్చుండి భుజించుట చూచి పెరిగిన కుమారుడు రేపు తన భార్యను నిలువబెట్టి తినజాలడు.

మొదట గాలి, పిదప నేల, ఆ పిదప మీ పీట. ఇవి కుదిరిన తరువాత చేతిలో సొమ్ము మిగిలినచో బొమ్మలు కొనవచ్చును. వచ్చు నెల వంటయింటి గట్టు ఎత్తును గూర్చి ముచ్చటింతము.