అందరి వేవిళ్లూ ఒకలా ఉండవు

మిరప కోతలొస్తే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎటు చూసినా కల్లాలే. ఆ ఘాటు ఊళ్లోవాళ్లకు అలవాటే. కొత్తగా నెల తప్పిన అమ్మాయికి మాత్రం అటువైపు గాలి వీస్తే చాలు, కడుపులో తిప్పేస్తుంది. పక్కింట్లో మూడో నెల గర్భిణి గోంగూర పచ్చడితో అన్నం తిని హాయిగా కోతకు వెళ్తుంటుంది. ఇక అమ్మలక్కలు అందుకుంటారు: ‘మేం కనలేదా? ఎవరికీ లేని వేవిళ్లా నీకు?’

వేవిళ్లు చాలామందికి ఉంటాయి. నూటికి 70 నుంచి 80 మంది గర్భిణులకు వికారమో వాంతులో తప్పవు. కానీ తీవ్రత మాత్రం ఎవరిది వారిదే. ‘మార్నింగ్ సిక్‌నెస్’ అంటారని పొద్దున్నే వస్తాయనుకోవద్దు. కొందరికి సాయంత్రం, కొందరికి రోజంతా ఉంటాయి. సాధారణంగా ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, నాలుగో నెల దాటేసరికి తగ్గుతాయి. కొద్దిమందికి కాన్పు దాకా వదలవు. కడుపులో కవలలుంటే ఎక్కువ.

ఎందుకీ తేడా?

దీనికి 2023 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన జవాబు చెప్పింది. గర్భం నిలిచాక మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ముందునుంచీ ఒంట్లో అది తక్కువగా ఉన్నవారు ఆ పెరుగుదలకు తట్టుకోలేరు. ఎక్కువగా ఉన్నవారికి వికారం తక్కువ. కల్లం పక్కన పుట్టి పెరిగినవాళ్లకు ఘాటు తెలియదు, కొత్తగా వచ్చినవాళ్లు ఉక్కిరిబిక్కిరవుతారు. ఇదీ అంతే. ఆ పరిశోధకుల్లో ఒకరైన అమెరికా శాస్త్రవేత్త మార్లీనా ఫెజో 1999లో ఇలాంటి వాంతులతోనే గర్భం కోల్పోయారు. ఆమె బాధను అప్పట్లో డాక్టరే నమ్మలేదు!

ఇలా చేసి చూడండి

పడక మీద నుంచి లేవకముందే నాలుగు మరమరాలో, ఒక రస్కో తినండి. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు, మజ్జిగ గుటక గుటకగా తాగాలి. తాలింపు వాసన పడకపోతే కొన్నాళ్లు వంట మరొకరికి అప్పగించండి. కల్లం పనికీ దూరంగా ఉండటం మేలు. అల్లం కొందరికి పనిచేస్తుంది. అయినా తగ్గకపోతే గర్భిణులు వాడదగిన మాత్రలున్నాయి. డాక్టరు రాస్తేనే వేసుకోవాలి.

ఇవి వేవిళ్లు కావు

రోజంతా మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తున్నా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గిందంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందే. జ్వరం, కడుపునొప్పి ఉన్నా, నెలలు నిండుతున్నప్పుడు తలనొప్పి, చూపు మసకతో వాంతులైనా వెంటనే చూపించాలి. 108కి ఫోన్ చేయండి.

ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించుకుని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. వారాల తరబడి వాంతులైతే ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజే ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం.

పత్తి చేలల్లో మరో ముప్పుంది. మందు కొట్టిన చేలో పనిచేసి వచ్చాక వాంతులు, చెమటలు పట్టి, నోట్లో నీరూరుతుంటే అది పురుగుమందు విషప్రభావం కావచ్చు. వేవిళ్లేలే అని ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అసలు గర్భిణి మందు కొట్టే చేలోకి వెళ్లకూడదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆశ కార్యకర్తను అడిగితే వెంట తీసుకెళ్తుంది. ఇక ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. ‘మేం కనలేదా?’ అనే ముందు, ‘తాగిన నీళ్లు నిలుస్తున్నాయా అమ్మా?’ అని అడగండి.