తమ్ముడికి కరెంటు బండి: డబ్బు పంపే ముందు వేసుకోవలసిన లెక్కలు

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ఫోను చేశాడు. కరీంనగర్ జిల్లాలో మా ఊరి నుంచి వాడు పాఠాలు చెప్పే బడి 32 కిలోమీటర్లు. పన్నెండేళ్ళుగా పెట్రోలు బండి మీదే వెళ్ళి వస్తున్నాడు. "అన్నా, కరెంటు మోటార్ సైకిల్ తీసుకుందామనుకుంటున్న. ఏది మంచిదో జర చూడు" అన్నాడు.

చూడమంటే మనకు తెలిసిన పని ఒక్కటే కదా! సాయంత్రానికల్లా ఎక్సెల్ షీటు తయారైంది. ధర, వేగం, బ్యాటరీ, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు... అన్నీ వరసగా పెట్టి పంపాను. డబ్బు కూడా పంపేస్తానన్నాను. వాడు షీటు చూసి ఒకే ప్రశ్న వేశాడు: "బండి నడుమ ఆగితే నువ్వొచ్చి నెడ్తవా అన్నా?"

నవ్వేశాను గానీ, నా షీటులో ఆ ప్రశ్నకు జవాబు లేదు. మళ్ళీ మొదటినుంచీ లెక్క వేశాను.

ముందు దూరం సంగతి. రివోల్ట్ ఆర్‌వీ 400 బ్యాటరీ 3.24 కిలోవాట్ అవర్లు, అంటే దాదాపు మూడుంపావు యూనిట్ల కరెంటు. ప్రకటనలో కనిపించే అంకె 150 కిలోమీటర్లు. అది ఎకో మోడ్‌లో, నెమ్మదిగా నడిపితే. నార్మల్‌లో 100, స్పోర్ట్‌లో 80 అని ఆ కంపెనీయే చెప్పింది. అల్ట్రావయొలెట్ ఎఫ్77 మాక్ 2లో పెద్ద బ్యాటరీ 10.3 యూనిట్లు, ప్రకటించిన దూరం 323 కిలోమీటర్లు. అది ప్రయోగశాలలో రోలర్ల మీద చేసే పరీక్ష లెక్క. పైగా 2024లో ఆ బండి ధర నాలుగు లక్షల దాకా ఉంది. బడిపంతులుకు అది లెక్కలోకి రాదు. మన కాలిఫోర్నియాలో పుట్టిన జీరో కంపెనీ ఊళ్ళో ఇంత, హైవే మీద ఇంత అని విడివిడిగా చెబుతుంది. రెండో అంకె బాగా తక్కువ. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి కరెంటును తినేస్తుంది మరి.

అందుకని నేను ప్రకటనలు పక్కన పెట్టి యూనిట్‌కు 30 కిలోమీటర్లే వేసుకున్నాను. రానూపోనూ 64 కిలోమీటర్లకు రెండు యూనిట్ల పైచిలుకు కావాలి. బ్యాటరీ వయసు మీరి 70 శాతానికి దిగిందనుకోండి. 3.24 యూనిట్లది 2.27 అవుతుంది. బండి ఇంటికి చేరేసరికి ప్రాణం గొంతులోకి వస్తుంది. ఓబెన్ రోర్ ఈజీలో ఉన్న 4.4 యూనిట్ల రకమైతే అప్పటికీ మూడు యూనిట్లు మిగులుతాయి. పైగా అందులోది ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ. బరువు కాస్త ఎక్కువైనా వేడికి బాగా తట్టుకుంటుంది.

ఇక డబ్బు. నెలకు 25 రోజులు తిరిగితే 1,600 కిలోమీటర్లు. పాత బండి లీటరుకు 60 ఇస్తే 27 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున దాదాపు 2,900 రూపాయలు. కరెంటు బండికి ఛార్జింగులో పోయేది కలిపి 60 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 420. తేడా బాగానే ఉంది. అయితే కేంద్రం సబ్సిడీని నమ్ముకుని లెక్క వేయకూడదు. 2021లో యూనిట్‌కు 15,000 రూపాయలున్నది 2023 జూన్‌లో 10,000కు, 2024లో 5,000కు, 2025 ఏప్రిల్ నుంచి 2,500కు దిగింది. తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. దాని గడువు 2026 డిసెంబరు 31.

అన్నిటికన్నా పెద్ద సంగతి మా బాపు భయం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాదే ఏఐఎస్-156 భద్రతా నియమాలను బిగించి, 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి చివర మరో విడత అమలు చేశారు. కాబట్టి చవకగా వస్తుందని అంతకుముందు తయారైన బండి కొనకండి. ఇంకో మాట. తీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీని నా షీటులో సౌకర్యం కింద రాసుకున్నాను. బాపు పడుకునే గది పక్కన అది సౌకర్యం కాదు. ఛార్జింగు వసారాలోనే, సరైన ఎర్తింగు ఉన్న ప్లగ్గు దగ్గరే జరగాలి.

మిగిలింది తమ్ముడి ప్రశ్న. సర్వీసు సెంటరు ఎక్కడ? మా ఊరి నుంచి ఎంత దూరం? పాడైన విడిభాగం ఎన్నాళ్ళకు వస్తుంది? ఇది న్యూజెర్సీలో కూర్చుని తేల్చే విషయం కాదు. ఇప్పటికే కొన్నవాళ్ళను వాడే వెతుక్కుని అడగాలి. ఆ రోడ్డు మీదే, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపి చూడాలి.

మనం ఇక్కడి నుంచి ఫ్రిజ్‌లు, టీవీలు ఆర్డరిచ్చి పంపిస్తుంటాం. అవి పాడైతే ఇంట్లోనే ఉంటాయి. బండి పాడైతే మనిషి రోడ్డు మీద ఉంటాడు. అందుకే ఈసారి షీటు పక్కన పెట్టి, డబ్బు వాడి ఖాతాలో వేసి, ఏది కొనాలో ఎప్పుడు కొనాలో వాడికే వదిలేశాను.

వాడింకా బండి బుక్ చేయలేదు. ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వసారాలో కొత్త ప్లగ్గు పెట్టించి, ఎర్తింగు వేయించాడట. "మొదలు ఇది. బండి తర్వాత" అన్నాడు. నా షీటులో ఆ వరసే లేదు.